ఇంట్లోనే ఒక టెలిఫోన్ లైను: మోడెం డైరీ

జూలై 7, 2024, ఆదివారం

మలక్‌పేటలోని పాత ఇంటిని అద్దెకు ఇవ్వాలని అటక ఖాళీ చేస్తుండగా, ఇత్తడి గంగాళం వెనుక చీరల అట్టపెట్టెలో రెండు డబ్బా మోడెములు (టెలిఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే పెట్టెలు) దొరికాయి. ఒకటి 1999లో కంప్యూటరుతో పాటు నాన్న కొన్న 56 కె, అంటే సెకనుకు 56,000 బిట్ల మోడెం. రెండవది అంతకన్నా పాతదైన 33.6 కె మోడెం. బాబాయి తన ఆఫీసులో పక్కన పడేసిన సామానులోంచి అడిగి తెచ్చి నాకు ఇచ్చాడు. వాటి కిందనే, మా డయలు ఫోనుకు నాన్న వేసే చిన్న తాళం కూడా ఉన్నది. తాళంచెవి మాత్రం లేదు.

ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి మాట్లాడించాలన్నది నేను పెట్టుకున్న పని. ల్యాండ్‌లైనును మేము ఎప్పుడో వదులుకున్నాము, ఇప్పుడు ఇంటికి వచ్చేది ఫైబరు. కాబట్టి ఎక్స్ఛేంజి చేసే పనులన్నీ ఇంట్లోనే జరగాలి: లైనుకు కరెంటు అందాలి, డయల్ టోన్ వినిపించాలి, నొక్కిన అంకెలు అర్థం కావాలి, అవతల గంట మోగాలి.

మోడెం కనెక్టయ్యేటప్పుడు పెట్టే కూతను రికార్డు చేసినవి కావలసినన్ని దొరుకుతాయి, కానీ వాటిని వినడం ఈ పనిలో లెక్కకు రాదని ముందే నిబంధన పెట్టుకున్నాను. రికార్డింగు ఎన్నిసార్లు విన్నా ఒకేలా ఉంటుంది. మేము విన్న కూత ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండేది కాదు. వాన పడిన రోజు ఒక రకంగా, అర్ధరాత్రి దాటాక మరొక రకంగా ఉండేది, అది వింటూనే ఈసారి కనెక్షను తగులుతుందో లేదో ముందుగా తెలిసిపోయేది. ఆ తెలివిడి నిజమా, జ్ఞాపకం కల్పించిన గొప్పా అన్నది తేల్చుకోవాలని ఉంది.

జూలై 13

మొదటి రోజే బోల్తా పడ్డాను. పాత మోడెముకు అడాప్టరు లేదు. అడుగున 9 వోల్టులని ఉన్నది చూసి కోఠి గుజరాతీ గల్లీలో ఒక అడాప్టరు కొని తెచ్చి గుచ్చితే, ముందువైపు దీపాలు రెండు వెలిగాయి గాని కంప్యూటరు ఏమి అడిగినా జవాబు రాలేదు. గంటన్నర కేబులును తిట్టుకున్న తరువాత భూతద్దం పెట్టి చూస్తే, 9 వోల్టుల పక్కన ఏసీ అని చిన్న అక్షరాలు కనిపించాయి. ఆ కాలపు డబ్బా మోడెములలో చాలావాటికి గోడకు గుచ్చే దిమ్మలో ఉత్త ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే ఉండేది. లోపలికి ఏసీ వస్తే దాని నుంచి ప్లస్ వోల్టేజీని, మైనస్ వోల్టేజీని రెండింటినీ మోడెమే తయారు చేసుకునేది. నేనిచ్చిన డీసీతో ప్లస్ వైపు మాత్రమే లేచింది. దీపాలకు అది చాలు, సీరియల్ పోర్టులో మాట్లాడడానికి రెండూ కావాలి.

మళ్ళీ కోఠికి వెళ్ళి 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు అడిగితే, కొట్టు యజమాని "ఏసీ బయటికి వచ్చేది ఇప్పుడెవరు అడుగుతారు సార్, దేనికి?" అన్నాడు. మోడెముకు అన్నాను. వైఫై డబ్బాను చూపించబోయి, నా ముఖం చూసి ఆగి, లోపలి అరలోంచి ఒక అంపియరు ట్రాన్స్‌ఫార్మరు తీసి ఇచ్చాడు.

మోడెం మూత విప్పినప్పుడు రెండు కెపాసిటర్లు పైన ఉబ్బి ఉండడం గమనించి, అవే విలువలు గలవి తెచ్చి మార్చాను. దీని గురించి చెప్పవలసినది ఇంకేమీ లేదు.

జూలై 14

సీరియల్ కేబులు మరొక పూట తిన్నది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగలలో చవకరకం ఒకదానిలో పంపడానికి, అందుకోవడానికి, గ్రౌండుకు కలిపి మూడు తీగలే ఉన్నాయి. మోడెం మాత్రం కంప్యూటరు సిద్ధంగా ఉన్నట్టు ఒక ప్రత్యేకమైన తీగ మీద చూసుకుంటుంది, ఆ సంకేతం లేకపోతే ఫోను పెట్టేస్తుంది. అన్ని తీగలూ ఉన్న కేబులు వేసిన వెంటనే ఏటీ అని కొడితే ఓకే అని వచ్చింది.

ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఓకే చూసినప్పుడు చేతివేళ్ళు వాటంతటవే తరువాతి ఆజ్ఞ కొట్టాయి. ఏటీ అన్నది అటెన్షన్ అనే మాటలోని మొదటి రెండు అక్షరాలు. అమెరికాలోని హేస్ సంస్థ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెముతో ఈ భాష మొదలైంది, తరువాత వచ్చిన మోడెములు దాదాపు అన్నీ, ఎవరి తయారీవైనా, దాన్నే మాట్లాడాయి. ఏటీడీటీ అంటే టోన్‌తో డయలు చేయమని, ఏటీడీపీ అంటే పల్సుతో డయలు చేయమని, ఏటీఏ అంటే ఫోను ఎత్తమని, ఏటీహెచ్ అంటే పెట్టేయమని. మాటల మధ్యలో మోడెమును పిలవాలంటే ఒక సెకను మౌనంగా ఉండి, మూడు ప్లస్ గుర్తులు కొట్టి, మళ్ళీ ఒక సెకను మౌనంగా ఉండాలి. మౌనం కూడా ఆజ్ఞలో భాగమైన భాష నాకు తెలిసి ఇదొక్కటే.

జూలై 21

ఈ రోజు మోడెములు మాట్లాడుకున్నాయి.

ఎక్స్ఛేంజి లైను మీద సాధారణంగా 48 వోల్టులు ఉంటాయి, ఫోను ఎత్తగానే కరెంటు పారి వోల్టేజీ బాగా పడిపోతుంది. పాత మోడెములో లైనును పట్టుకునేది ట్రాన్స్‌ఫార్మరు కనుక కరెంటు లేని ఉత్త తీగల మీద కూడా అది పలుకుతుంది. కొత్తదానికి మాత్రం లైనులో కరెంటు పారాలి. చెడిపోయిన యూపీఎస్ లోని 12 వోల్టుల బ్యాటరీ ఇంకా ప్రాణంతో ఉన్నది. దానికి 330 ఓముల అర వాటు రెసిస్టరును వరుసగా కట్టి, వచ్చిన రెండు తీగలను రెండు మోడెముల ఫోను జాకులకు కలిపాను. మోడెముల దగ్గర ఒక అయిదు వోల్టులు నిలిస్తే, మిగిలిన ఏడు వోల్టులకు ఈ రెసిస్టరులో పారేది 20 మిల్లీ అంపియర్ల పైచిలుకు, కావలసినదీ అంతే. అడాప్టరు బదులు బ్యాటరీ ఎందుకంటే, చవక అడాప్టర్ల గురగుర లైనులోకి దిగుతుంది, బ్యాటరీ నిశ్శబ్దం. ఆ రెసిస్టరు సిగ్నలును కొంత మింగుతుంది కూడా, ఇంత పొట్టి లైనులో అది మంచికే.

ఈ లైనులో డయల్ టోన్ లేదు కాబట్టి, దాని కోసం ఎదురు చూడవద్దని చెప్పే ఎక్స్3 అనే ముక్కను చేర్చి ఒకదానికి డయలు ఆజ్ఞ, రెండవదానికి ఫోను ఎత్తే ఆజ్ఞ ఇచ్చాను. క్షణం మౌనం. ఆ తరువాత సన్నని ఎత్తు స్వరం, దాని మీద అరసెకనుకొక విరుపు, ఆ వెనుక కిచకిచ, ఒక గంట మోత, చివరికి ఆ బుస. తెర మీద కనెక్ట్ 33600.

56 కె మోడెముతో 33,600 మాత్రమే రావడం లోపం కాదు. 56 కె పద్ధతిలో, అంటే 1998లో ప్రమాణంగా వచ్చిన వి.90లో, ఒక చివర ఇంటర్‌నెట్ కంపెనీ ఎక్స్ఛేంజికి డిజిటల్‌గానే కలిసి ఉండాలి. రెండు చివర్లా ఇంట్లో వాడే మోడెములే ఉంటే అవి అంతకు ముందరి ప్రమాణమైన వి.34కు దిగుతాయి, దాని గరిష్ఠ వేగం 33,600. నాన్న అప్పట్లో "యాభై ఆరు అని డబ్బులు తీసుకుని నలభై ఇస్తున్నారు" అని వాదించేవారు. పూర్తి వేగం ఎందుకు రాదో అప్పుడు నాకు చెప్పడం చేతకాలేదు.

ఆగస్టు 4

బ్యాటరీతో పని జరిగింది గాని తంతు జరగలేదు. నంబరు తిప్పడం, గంట మోగడం అందులో లేవు. అందుకని ఇంటర్‌నెట్ ద్వారా ఫోను మాట్లాడడానికి ఆఫీసుల్లో వాడే, రెండు ఫోను జాకులున్న చిన్న అడాప్టరును సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఒక జాకు నుంచి డయలు చేస్తే రెండవ జాకు మోగుతుంది. ఇప్పుడు మా ఇంటి ఎక్స్ఛేంజి అదే.

మొదట డయల్ టోన్ సరిచేశాను. పెట్టెలో వచ్చినది అమెరికా టోన్, వినగానే పరాయిది. మన దేశపు డయల్ టోన్ 400 హెర్ట్జుల స్వరాన్ని 25 హెర్ట్జులతో గుణించినది. అంటే 375, 425 హెర్ట్జుల స్వరాలను ఒకేసారి మోగించినట్టు. అవి కలిసినప్పుడు సెకనుకు 50 సార్లు ఉబ్బి తగ్గుతాయి, మన ఎక్స్ఛేంజిలో వినిపించే ఆ గుర్రుమనే ధ్వని అదే. ఈ రెండు అంకెలను సెట్టింగులలో రాసి ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. వంటింట్లోంచి అమ్మ "ఫోను బాగైందా?" అని అడిగింది. అమ్మకు ఇరవై ఏళ్ళుగా ఆ ధ్వని వినిపించలేదు, అయినా అడిగింది.

గంట కూడా మనదే పెట్టాను: 0.4 సెకన్లు మోత, 0.2 విరామం, మళ్ళీ 0.4 మోత, రెండు సెకన్ల విరామం. పల్సు డయలు మాత్రం ఈ పెట్టెకు తెలియదు. ఏటీడీపీతో ప్రయత్నిస్తే, సున్నాకు పది చొప్పున టకటకలు వినిపించాయి తప్ప అవతల గంట మోగలేదు.

తరువాత అసలు తంటా. కనెక్షను తగులుతుంది, నిమిషం లోపే తెగుతుంది. ఈ పెట్టె గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, 20 మిల్లీ సెకన్ల ముక్కలు చేసి పంపుతుంది. మనుషుల మాటలకు మేలు చేయాలని దాని తయారీదారులు చేర్చిన తెలివితేటలన్నీ మోడెముకు కీడే: మౌనంగా ఉన్నప్పుడు పంపడం మానడం, ప్రతిధ్వనిని తుడిచివేయడం, ముక్కల మధ్య ఎడం మారితే సర్దడం. మోడెం మొదట వినిపించే 2,100 హెర్ట్జుల స్వరంలోని విరుపులు ఇందుకోసమే ఉన్నాయి. ప్రతి 450 మిల్లీ సెకన్లకు స్వరం ఒక్కసారి తిరగబడి, దారిలో ప్రతిధ్వనిని తుడిచే యంత్రాలుంటే పక్కకు తప్పుకోమని చెబుతుంది. మా పెట్టె ఆ మాట వినలేదు. అన్నింటినీ చేత్తో ఆపివేసి, గొంతును అంకెలుగా మార్చే పద్ధతులలో (కోడెక్) మన దేశంలో వాడే ఏ-లా జి.711 ఒక్కటే ఉంచి, రెండు జాకులూ ఒకే పెట్టెవి కనుక రెండింటి గడియారమూ ఒకటేనని ధైర్యం చెప్పుకొని మళ్ళీ డయలు చేశాను. 28,800 వద్ద తగిలి, రాత్రి భోజనం ముగిసేదాకా తెగలేదు.

ఆగస్టు 15

1995లో ఇదే రోజున ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలో ప్రజలకు ఇంటర్‌నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మా ఇంటికి అది చేరేసరికి మరో నాలుగేళ్ళు పట్టింది. అప్పటికి 1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు అనుమతి ఇచ్చి ఉన్నందున, నాన్న గంటల లెక్కన కొనే ప్యాకెట్టు ఒకటి తెచ్చారు. గంటలు ఒక లెక్క, టెలిఫోను మీటరు మరొక లెక్క. అందువల్ల ఉత్తరాలు ముందే రాసి పెట్టుకుని, కనెక్టయ్యాక పంపి, వచ్చినవి దించుకుని, ఫోను పెట్టేసి తీరిగ్గా చదువుకునేవాళ్ళము.

సెలవు కనుక ఈ రోజు వేరే పరీక్ష చేశాను. పాత ఫ్లాపీలో అమెరికాలోని మా బావకు రాసిన ఉత్తరాలు దొరికాయి, తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసినవి. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు తయారుచేసిన ఆ పద్ధతిలో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట; అప్పటి చర్చావేదిక అయిన యూజ్‌నెట్ తెలుగువారందరికీ అది కంఠతా వచ్చేది. అదే ఉత్తరాన్ని ఇప్పుడు యూనికోడ్ తెలుగులో మళ్ళీ కొట్టి, రెండింటినీ పాతకాలపు సెకనుకు 300 బిట్ల వేగంతో పంపించి చూశాను.

ఆ వేగంలో సెకనుకు 30 బైట్లు వెళతాయి. "తెలుగు" అన్న మాటకు పాత పద్ధతిలో ఆరు బైట్లు సరిపోతాయి. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అని ఆరు సంకేతాలు, వాటిని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 18. తెలుగు మూడు రెట్లు నిదానంగా నడుస్తుందన్న మాట. కానీ ఆ నిదానంలో నేను ఎన్నడూ చూడనిది చూశాను. వచ్చిన బైట్లను వచ్చినట్టు చూపించే చిన్న ప్రోగ్రాము రాసి పెట్టుకుని, "స్త్రీ" అన్న అక్షరం వచ్చేటప్పుడు గమనించాను: ముందు స నిలబడింది, తరువాత దాని మీద పొల్లు పడింది, పొల్లు మాయమై కింద తవత్తు వేలాడింది, దానికి క్రారవడి చుట్టుకుంది, చివరికి తలకట్టు పోయి గుడిదీర్ఘం వచ్చింది. సెకనులో సగానికి పైగా పట్టింది. పలక మీద పంతులుగారు దిద్దించిన వరుసలోనే యంత్రం కూడా అక్షరాన్ని కూర్చుకోవడం చూసి, అవసరం లేకపోయినా ఉత్తరాన్ని మూడుసార్లు పంపించాను.

వేగం పెంచి, మోడెం లోపలే సమాచారాన్ని కుదించే వి.42బిస్ పద్ధతిని ఒకసారి ఆపి, ఒకసారి ఉంచి ఒక పెద్ద తెలుగు ఫైలు పంపిస్తే, ఉంచినప్పుడు సగం కన్నా తక్కువ సమయంలో చేరింది. ప్రతి తెలుగు సంకేతంలోనూ మొదటి బైటు ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని గుర్తుపట్టి కుదించడమే దాని పని. యూనికోడ్ మన మీద వేసిన భారంలో చాలా భాగాన్ని ఆ పాత డబ్బా దించగలదని అప్పట్లో మాకు తెలియదు. తెలిసినా ఉపయోగం ఉండేది కాదు. పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫాంటు దించుకోమని అడిగేవి, ఆ ఫాంటు దిగేసరికే మీటరు తిరిగేది.

సెప్టెంబరు 1

రాత్రి నుంచి ఆగని వాన. అనుకున్న పరీక్షకు ఇంతకన్నా మంచి రోజు లేదు, కానీ మా తీగలన్నీ ఇప్పుడు గది లోపలే ఉన్నాయి. అందువల్ల పాడైన లైనును నేనే తయారు చేశాను.

అర మిల్లీమీటరు రాగి తీగల జత కిలోమీటరుకు పోను రాను 176 ఓముల వరకు అడ్డుకుంటుంది, రెండు తీగల మధ్య 50 నానోఫారడ్ల కెపాసిటెన్సు ఉంటుంది. రెండు తీగల్లోనూ 91 ఓముల రెసిస్టరు చొప్పున వేసి, మధ్యన 47 నానోఫారడ్ల కెపాసిటరు కడితే ఒక కిలోమీటరు. అలాంటివి మూడు ఒక చెక్క మీద వరుసగా కట్టి, ఎన్ని కిలోమీటర్లు కావాలంటే అన్ని కలిసేలా స్విచ్చులు పెట్టాను. మలక్‌పేట ఎక్స్ఛేంజి మా ఇంటికి ఇంత దూరం లేదు గాని, తీగ మెలికలు తిరిగి వస్తుంది కదా.

ఒక్కొక్క కిలోమీటరు కలిపేకొద్దీ కూత మారింది. మధ్యలో వచ్చే ఆ గంట మోతలో 150 హెర్ట్జుల నుంచి 3,750 వరకు ఒకేసారి మోగే 21 స్వరాలు ఉంటాయి. అవతలి మోడెం వాటిలో ఏవి ఎంత బలంగా చేరాయో కొలిచి, లైను ఎంత మోయగలదో తేల్చుకుంటుంది. మూడు కిలోమీటర్ల మీద పై స్వరాలు నలిగిపోయి గంట మూగబోయినట్టు వినిపించింది, తెర మీద 24,000 కనిపించింది. మేము పాట అనుకున్నది నిజానికి లైను పరీక్ష. వేగం తెర మీద కనిపించే ముందే గదిలో అందరికీ వినిపించేది.

సెప్టెంబరు 8

వినాయక చవితికి వచ్చిన చెల్లెలిని ఈ రోజు పరీక్షకు కూర్చోబెట్టాను. నిజానికి పరీక్ష నాకే: బావగారు స్విచ్చులు ఇష్టం వచ్చినట్టు మారుస్తూ డయలు చేస్తారు, నేను పక్క గదిలోంచి విని వేగం చెప్పాలి. చెల్లెలు ఊరికే తోడు. పదిసార్లలో నేను అయిదు సరిగ్గా చెప్పాను. చెల్లెలు ఎనిమిది చెప్పింది.

"నీకెలా తెలుస్తోంది?" అన్నాను.

"నువ్వు తగలాలని వినేవాడివి అన్నయ్యా, నేను తగలకూడదని వినేదాన్ని. తగలకపోతే ఫోను నాకు వచ్చేది" అన్నది.

1999లో తన స్నేహితురాలి ఫోను కోసం తను హాలులో కాచుకుని ఉండేదని, నేను పెట్టేసిన మరుక్షణం రిసీవరు అందుకునేదని నాకు గుర్తుంది. ఆ కాచుకోవడంలో నా మోడెమును నాకన్నా బాగా నేర్చుకున్నదని ఈ రోజు తెలిసింది. గంట మోత తరువాత వచ్చే బుస ఆగి రెండోసారి మొదలైతే అది నిలవదని తన లెక్క. మోడెం మొదటి ప్రయత్నంలో కుదరక, లైనుకు తగ్గట్టు సర్దుకునే శిక్షణను మళ్ళీ ఆరంభిస్తే వినిపించేది సరిగ్గా అదే. పదకొండోసారి బావగారు మూడు కిలోమీటర్లూ కలిపి, ఎవరికీ చెప్పకుండా రెండో జాకుకు పాత ఫోను కూడా తగిలించి రిసీవరు ఎత్తి పక్కన పెట్టారు. బుస రెండోసారి మొదలవగానే చెల్లెలు "నా వంతు" అని లేచింది. తెర మీద నో క్యారియర్, అంటే కనెక్షను లేదని, పడడానికి ఇంకా కొన్ని సెకన్లు పట్టింది.

తను తిరిగి వెళ్ళేలోపు వానకు తడిసిన జాయింటు ఒకటి కావాలని అడిగింది. ఉప్పునీటిలో ముంచిన మెలితీగతో సరిపోతుందేమో రేపు చూడాలి.